సమీకరణముల శ్రవణపఠనము

కంప్యూటరు తెరపై నగుపడు గణితసమీకరణములను, చూపు లేనివారును చూపు మందగించినవారును స్క్రీన్ రీడరు అను సాధనముచే చెవితో విని గాని, బ్రెయిలు చుక్కలయందు వ్రేలితో తడవి గాని సంపూర్ణముగ గ్రహించునట్లు కూర్చు విద్యను ఈ వ్యాసమున శ్రవణపఠన మని వ్యవహరించుచున్నాము. కథలు, వార్తలు, ఉత్తరములు మొదలగు వచనమును ఇట్టి సాధనములు చదువ నారంభించి మూడు దశాబ్దములు దాటినది. వచనము ఒకే పంక్తిగ సాగునది గావున దానిని పలుకుగ మార్చుటయందు చిక్కు స్వల్పము. సమీకరణ మట్టిది కాదు. లవము పైనను, హారము క్రిందను, ఘాతాంకము చిన్నదియై కుడివైపు మీదను, పాదాంకము దాని క్రిందను నిలుచుటచే సమీకరణము పంక్తికంటె పటమునకే దగ్గర. అయినను ఈ స్థానభేదము లన్నియు కంటికొరకు వేసిన వేషములు. వాని వెనుక, ఏది దేనికి అంగమో, ఏ గుర్తు ఎంతవరకు వర్తించునో తెలుపు శాఖోపశాఖల నిర్మాణ మొకటి గలదు. ఆ నిర్మాణమును రచయిత వ్రాయునపుడే పుటయందు భద్రపరచెనా, యంత్రము దానిని పలుకగలదు. అప్పుడే పోగొట్టుకొనెనా, పిమ్మట ఎంతటి యంత్రమైనను ఊహింపవలసినదే. ఈ శాస్త్రచరిత్ర యంతయు ఆ నిర్మాణమును నిలుపుకొనుటకై జరిగిన ప్రయత్నముల చరిత్రయే.

సమస్య లోకమంతట నున్నదే యైనను, తెలుగువారి పక్షమున దానిని పరిశీలింపబూనిన వారికి పశ్చిమ వంగమందలి ఖరగ్‌పూరు తగిన తావు. రైల్వే కర్మాగారమును, దానిని నమ్ముకొని తరతరములుగ నివసించుచున్న తెలుగు కుటుంబములును, దేశమున మొట్టమొదటి ఐ.ఐ.టి.యు, భారతీయ భాషలను పలుకు వాగ్యంత్రమును నిర్మించిన ప్రయోగశాలయు ఒక్క ఊరనే యుండుట యరుదు. ఆ యూరి సంగతి యథాస్థానమున వచ్చును.

చెవి గణితము

గణితము కంటి విద్య యనుట ఇటీవలి మాట. సమానతను తెలుపు రెండు సమాంతర రేఖలను ఇంగ్లండున రాబర్టు రికార్డు 1557లో అచ్చునకెక్కించెను. ఘాతాంకమును అక్షరముపై చిన్న అంకెగ వ్రాయు పద్ధతి 1637లో వెలువడిన డేకార్తు జ్యామితి గ్రంథముతో స్థిరపడెను. అంతకు ముందు గణితము మాటలలో నడచినది. మన దేశమున నైతే అది ఛందస్సులో నడచినది. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు శ్లోకములుగ కూర్చిన గణితసారసంగ్రహమును పదునొకండవ శతాబ్దిలో పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి మార్చెను. భిన్నములును, వర్గమూలములును, క్షేత్రఫలములును పద్యపాదములలో నిమిడి, తాళపత్రము కంటబడని వానికి సైతము కంఠస్థము కాగలిగినవి. వీధిబడులలో పిల్లలు ఎలుగెత్తి చదివిన ఎక్కములును ఆ సంప్రదాయపు శేషమే. సంకేతలిపి వచ్చిన పిమ్మట గణితమునకు వేగము హెచ్చినది, సంక్షిప్తత చేకూరినది. చూపులేనివానికి మాత్రము తలుపు మూతపడినది.

మూతపడిన తలుపును త్రోసికొని లోన ప్రవేశించిన వారును లేకపోలేదు. శైశవముననే మశూచిచే చూపు కోల్పోయిన నికొలస్ సాండర్‌సను 1711లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున, న్యూటను కూర్చున్న లూకేసియన్ పీఠమునే అధిష్ఠించి, పలకపై గుండుసూదులు గ్రుచ్చి వేళ్లతో లెక్కలు చేసెను. గణితజ్ఞుడు అయిలరు వార్ధక్యమున చూపుపోయిన పిమ్మటను గ్రంథములను చెప్పి వ్రాయించెను. ఇరువదవ శతాబ్దిలో రష్యా గణితజ్ఞుడు పోంట్ర్యాగిను పదునాలుగవ యేట ప్రమాదమున అంధుడు కాగా, గణిత మెరుగని తల్లి ఆతనికి పుస్తకములు చదివి వినిపించుటకై, గుర్తుల ఆకారమును బట్టి తానే పేర్లు కల్పించుకొనె నందురు. సమితుల ఛేదనపు గుర్తు ఆమెకు తోకలు క్రిందికి గలది, సమ్మేళనపు గుర్తు తోకలు మీదికి గలది. నేటి యంత్రములలో పఠననియమములని వ్యవహరించునది ఆ తల్లి చేసిన పనియే. ఆమెకు దొరకిన శ్రోత యొక్కడు, వీనికి వేలమంది.

మన దేశమున అంధపాఠశాలలయందు టేలరు పలక యని పేరుగల సాధనము నేటికిని వాడుకలో నున్నది. అష్టకోణపు రంధ్రములలో లోహపు దిమ్మెలను ఎనిమిది దిక్కులలో నేదో యొకదానికి త్రిప్పి నిలిపి అంకెలను, గుర్తులను తెలుపుదురు. లెక్కలకు సరిపోవునది గాని బీజగణితము పెరిగినకొలది ఆ పలక చాలదు. బ్రెయిలులో గణితమునకు సమగ్రమైన సంకేతమును కల్పించినవాడు అమెరికాదేశపు ఏబ్రహాము నెమెత్. జన్మాంధుడైన ఆయనను గణితము నీకు తగదని పెద్దలు మనశ్శాస్త్రమువైపు మరల్చిరి. ఆయన మరల గణితమునకే వచ్చి ఆచార్యుడై, తన యవసరమునకై అల్లుకొన్న చుక్కల సంకేతమును 1952లో ప్రకటించెను. నెమెత్ సంకేతము మన దేశపు గణిత బ్రెయిలునకును ఆధారమైనది. చూపుగలవారు తనకు చదివి వినిపించునపుడు సందేహమునకు తావులేకుండ చదువవలసిన పద్ధతిని సైతము ఆయన నిర్ణయించెను. భిన్నము మొదలైనచోట మొదలైనదనియు, ముగిసినచోట ముగిసినదనియు చెప్పితీరవలె నన్నది అందలి మూలసూత్రము. మాథ్‌స్పీక్ అను పేరుగల యంత్రపఠనపద్ధతికి జన్మస్థాన మదియే.

ఒక పలుకు, నాలుగు అర్థములు

అంతటి కట్టుబాటు ఎందుకని అడుగువారు మన తరగతిగదులలో నిత్యము వినవచ్చు "ఎ ప్లస్ బి బై సి ప్లస్ డి" యను పలుకును పరిశీలింతురు గాక. నల్లబల్లను చూచుచున్న విద్యార్థికి ఇందు సందేహము లేదు. వినుచున్నవానికి నాలుగు సమాసములు స్ఫురించును. ఎ విలువ 2, బి విలువ 6, సి విలువ 2, డి విలువ 1 అనుకొన్నచో, బి సి ల నడుమనే భాగహారమైన ఫలము 6. ఎ బి ల మొత్తమును సి చే భాగించి డి కలిపిన ఫలము 5. బి ని సి డి ల మొత్తముచే భాగించి ఎ కలిపిన ఫలము 4. మొత్తమును మొత్తముచే భాగించిన 8 లో మూడవ వంతు. ఇక వర్గసమీకరణపు మూలములను తెలుపు సూత్రమును "మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ రూట్ బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఎ సి బై టూ ఎ" అని ఏకబిగిని చదివినపుడు వర్గమూలము ఎచట ముగిసినదో, టూ ఎ దేని క్రింద నున్నదో శ్రోతకు తెలియు మార్గము లేదు. సూత్రము ముందే వచ్చిన వానికి మాత్రము తెలియును.

చూపుగలవాడు సమీకరణముపై దృష్టి నిలిపినంతనే ముందుగ దాని ఆకృతిని గ్రహించి, పిదప వలసినచోటికి పోవును. వినువాని స్థితి వేరు. అది చీకటిరాత్రి ఖరగ్‌పూరునందలి నిమ్‌పురా యార్డుకడ నిలిచి, దాటిపోవు గూడ్సుబండి చప్పుడును బట్టి ఎన్ని పెట్టెలో, ఏ పెట్టె దేని తరువాతనో లెక్కించుట వంటిది. బండి దాటినపిమ్మట తిరిగి చూచుకొను వీలును లేదు. అందుచే శ్రవణపఠనమునకు స్పష్టమైన పలు కొక్కటే చాలదు. శ్రోత తనకు తోచినచోట ఆగి, వెనుకకు మరలి, లవమునందు ప్రవేశించి, అందలి యొక పదమును మాత్రము మరల విని, వెలికివచ్చి హారమునకు పోగల సౌకర్యము కూడ వలయును. పెద్ద సమీకరణములయందు మొదటిదానికంటె ఈ రెండవదియే విలువైనదని మా యభిప్రాయము.

పుటయందలి రూపము

వరల్డ్ వైడ్ వెబ్ భౌతికశాస్త్రజ్ఞుల పరిశోధనాలయమున పుట్టినదైనను దాని భాషకు సమీకరణములు వ్రాయుట చాలకాలము రాలేదు. 1995 నాటి హెచ్.టి.ఎమ్.ఎల్. 3 చిత్తుప్రతిలో గణితమునకు చోటు కల్పించిరి గాని 1997లో ఆమోదమొందిన 3.2 లో అది కనబడదు. రచయితలు వేరు గతిలేక సమీకరణమును బొమ్మగ మార్చి అతికించిరి. బొమ్మయెదుట స్క్రీన్ రీడరు "గ్రాఫిక్" అని పలికి యూరకుండును, లేదా ఆ బొమ్మ దాచిన ఫైలు పేరును చదువును. ఈ దురవస్థకు తొలి చికిత్సగ బొమ్మవెనుక ప్రత్యామ్నాయ వాక్యమును జోడించు ఆచారము వచ్చినది. కంప్యూటరు శాస్త్రజ్ఞుడు క్నూత్ 1978లో లోకమునకిచ్చిన టెక్ అను అచ్చుకూర్పు భాషాసంకేతమునే అచట వ్రాయుట కొందరి యలవాటు. ఒకే పంక్తిగ నడచునది గావున, ఆ భాష నెరిగిన చూపులేని పండితులు దానినే యిష్టపడుటయు గలదు. తొమ్మిదవ తరగతి బాలునకు మాత్రము "బ్యాక్‌స్లాష్ ఫ్రాక్ లెఫ్ట్ బ్రేస్" అను ధారలో భిన్నమేదో, బ్రాకెట్టేదో దొరకుట దుర్ఘటము. వాక్యము చక్కనిదే యైనను అది ముద్దగ వినిపించునదే. అందు ప్రవేశించి సంచరించుట కుదరదు.

సరియైన మార్గము 1998 ఏప్రిలులో, వెబ్ ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యు3సి సంస్థ ప్రకటించిన మాథ్ఎమ్ఎల్ తో తెరచుకొనెను. అందు భిన్నమునకు ఎమ్‌ఫ్రాక్ అను గుర్తు. దానిలోని మొదటి అంగము లవము, రెండవది హారము. వర్గమూలమునకు ఎమ్‌స్క్వర్ట్, ఘాతమునకు ఎమ్‌సప్. చరరాశులకును, అంకెలకును, చిహ్నములకును వేరువేరు గుర్తులు. పైనిచ్చిన ఉదాహరణమందలి నాలుగు అర్థములును ఇందు నాలుగు భిన్నవృక్షములు. ఒకదానిని మరియొకటిగ పొరబడుట కవకాశము లేదు. ఇంకను విశేషమేమనగా, కంటికి కనబడనే కనబడని అక్షరములు కూడ ఇందు గలవు. ఎఫ్ పక్కన బ్రాకెట్టులో ఎక్స్ వ్రాసినచో అది ఎక్స్ యొక్క ప్రమేయమా, ఎఫ్ ను ఎక్స్ తో గుణించుటయా? యూనికోడునందు ఒక అదృశ్య చిహ్నము గుణకారమును, ఇంకొక అదృశ్య చిహ్నము ప్రమేయప్రయోగమును సూచించును. చూచువారెవరును వానిని చూడజాలరు; వినువానికి మాత్రము అవియే దారి చూపును.

ఇంత సొగసైన ఏర్పాటు పాతికేండ్లవరకు అందరి తెరలపైని సుఖముగ నెలకొనకపోవుటకు బ్రౌజర్ల అనాదరము ప్రధానకారణము. ఫైర్‌ఫాక్సు పూర్వమునుండియు మాథ్ఎమ్ఎల్ ను గౌరవించినది, 2014లో హెచ్.టి.ఎమ్.ఎల్. 5 దానిని తన యందు చేర్చుకొన్నది; క్రోమ్ మాత్రము 2013లో ఒక సంచికలో స్వీకరించి వెంటనే తొలగించి, స్పెయిను దేశపు ఇగాలియా సంస్థ కృషివలన 2023 జనవరిలో 109వ సంచికతో తిరిగి చేర్చుకొన్నది. నడుమ నేర్పడిన లోటును మాథ్‌జాక్స్ భర్తీచేసినది. అమెరికా గణితసంఘము మొదలగువారి పోషణమున 2010 ప్రాంతమున వాడుకలోనికి వచ్చిన ఈ ఉపకరణము, రచయిత టెక్ లో వ్రాసినదానిని కంటికింపుగ చిత్రించుచు, చెవికొరకు మాథ్ఎమ్ఎల్ ను మరుగున నిలుపును. 2014లో ఖాన్ అకాడమీ వెలువరించిన కేటెక్ సైతము కంటిరూపమును స్క్రీన్ రీడరునుండి దాచి చెవిరూపమును మాత్రమే దానికందించును. పరిశోధనపత్రముల భాండాగారమైన ఆర్కైవ్ 2023 డిసెంబరునుండి పి.డి.ఎఫ్. లతో పాటు హెచ్.టి.ఎమ్.ఎల్. పుటలను కూడ ప్రకటించుట ఈ రంగమున గొప్ప మేలు; సామాన్యపు పి.డి.ఎఫ్. లో సమీకరణము ఏ అక్షరము కాగితముపై ఎచట పడవలెనో తెలుపు పట్టికయే గాని ఏది లవమో ఏది హారమో తెలుపునది కాదు. అట్టి పుటలనుండియు, స్కాను చేసిన గ్రంథములనుండియు నిర్మాణమును మరల రాబట్టుటకు జపానున క్యూషూ విశ్వవిద్యాలయపు ఆచార్య మసకజు సుజుకి బృందము ఇన్‌ఫ్టీరీడరు అను సాధనమును నిర్మించినది. అది ప్రశంసాపాత్రమే, అయినను పోగొట్టుకొని వెదకుట యది.

నిర్మాణము దొరకిన మాత్రమున అర్థమంతయు దొరకదు. రెండు నిలువుగీతల నడుమ ఎ అని వ్రాసినచో సందర్భమును బట్టి పరమమూల్యము, మాతృకయొక్క నిర్ధారకము, సమితియందలి మూలకముల సంఖ్య కావచ్చును. ఎఫ్ పై మైనస్ ఒకటి యున్నచో విలోమ ప్రమేయమా, వ్యుత్క్రమమా యని చదువరి తేల్చుకొనును, యంత్రము తేల్చుకొనజాలదు. రచయిత తన యుద్దేశమును ఒక మాటలో వ్రాసియుంచుటకై ఇంటెంట్ అను లక్షణమును మాథ్ఎమ్ఎల్ నాలుగవ సంచికలో ప్రతిపాదించిరి.

పలికించు యంత్రములు

సమీకరణములను శ్రావ్యముగ పలికించుటలో ఆద్యుడు భారతీయుడే. పూనా నగరమున జన్మించి, పదునాలుగవ యేట చూపు కోల్పోయి, పూనా విశ్వవిద్యాలయమున గణితమును, బొంబాయి ఐ.ఐ.టి.లో కంప్యూటరు శాస్త్రమును అభ్యసించిన టి.వి. రామన్, కార్నెల్ విశ్వవిద్యాలయమున 1994లో సమర్పించిన సిద్ధాంతగ్రంథమునకు విషయము ఆస్టరు అను గణితపఠనయంత్రము. ఘాతాంకము వచ్చినపుడు కంఠస్వరము హెచ్చును, పాదాంకము వచ్చినపుడు తగ్గును. "ఘాతాంకము మొదలు, ఘాతాంకము ముగింపు" అని మాటిమాటికి చెప్పకయే శ్రోత పైకెక్కుటయు దిగుటయు గ్రహించును. పెద్ద సమీకరణమునందలి ఒక భాగమునకు తాత్కాలికముగ ఒక పేరు పెట్టి, ముందు మొత్తపు స్వరూపమును వినిపించి, ఆ పేరుగల భాగమును పిదప విప్పిచెప్పు యుక్తియు అందు గలదు. ఆ సంవత్సరపు ఉత్తమ సిద్ధాంతగ్రంథమునకు ఏ.సి.ఎమ్. సంస్థ ఇచ్చు బహుమానము దానికి లభించెను. ఆస్టరు అనునది ఆయన వెంటనుండి దారి చూపిన కుక్క పేరు కూడ.

తరువాత వచ్చినవానిలో డిజైన్ సైన్స్ సంస్థవారి మాథ్‌ప్లేయరు, ఫోల్కర్ జోర్గె రచించిన స్పీచ్ రూల్ ఇంజిను, నీల్ సోయిఫరు రచించిన మాథ్‌క్యాట్ లు గణనీయములు. స్క్రీన్ రీడర్లలో జాస్ ధనవ్యయముతో కూడినది. ఆస్ట్రేలియా యువకులు, తామును చూపులేనివారే యైన మైకేల్ కరన్, జేమ్స్ టే లు 2006లో మొదలిడిన ఎన్.వి.డి.ఎ. ఉచితము. మన దేశపు విద్యార్థులకు గణితము చెవికందుట ఎన్.వి.డి.ఎ. 2015లో మాథ్‌ప్లేయరును కలుపుకొన్న తరువాతనే సులభసాధ్యమైనది. నేడు శ్రోత సమీకరణముకడ ఎన్.వి.డి.ఎ., ఆల్ట్, ఎమ్ మీటలను ఒక్కుమ్మడి నొక్కి అందు ప్రవేశించును. క్రింది బాణపుమీటతో శాఖలోనికి దిగును, ప్రక్క బాణములతో అంగమునుండి అంగమునకు మరలును, మీది బాణముతో వెలికివచ్చును.

ఖరగ్‌పూరు

బెంగాల్ నాగపూరు రైల్వే పందొమ్మిదవ శతాబ్ది ముగిసి ఇరువదవది మొదలగు కాలమున ఇచట కూడలిని నెలకొల్పి, కర్మాగారమును కట్టి, తూర్పుతీరపు రైలుమార్గమును విశాఖవైపు తన వశము గావించుకొన్న దినములనుండి కళింగాంధ్రపు కుటుంబములు ఈ యూరికి వలసవచ్చినవి. తరువాత రాష్ట్రపతియైన వి.వి. గిరి ఇచటి రైల్వే కార్మికులకు నాయకత్వము వహించి 1927 సమ్మెకాలమున వారి పక్షమున నిలిచెను. వేయి మీటర్లు దాటిన ప్లాట్‌ఫారము లోకమున కెల్ల పొడవైనదని చిరకాలము పేరుగన్న ఈ స్టేషనుచుట్టు నిమ్‌పురా, గోల్‌బజారు, మాలంచ ప్రాంతములలో తెలుగు నేటికిని వినబడును. తెలుగు మాధ్యమమున చదువు చెప్పు బడులును వెలసినవి. తెలుగునకు రాష్ట్రమున అధికారభాషా ప్రతిపత్తి నొసగుటకు పశ్చిమ వంగ మంత్రివర్గము 2020 డిసెంబరులో సమ్మతించినది.

ఊరి యావలి కొసను, 1931 సెప్టెంబరులో ఖైదీలపై కాల్పులు జరిగిన హిజిలీ నిర్బంధశిబిరపు భవనమున 1951 ఆగస్టు 18వ తేదీన మౌలానా ఆజాదు ఐ.ఐ.టి.ని ప్రారంభించెను. దేశభాషల కన్నింటికిని ఒకే భారతీ బ్రెయిలు ఏర్పడినదియు ఆ సంవత్సరమే. ఐ.ఐ.టి. కంప్యూటరు శాస్త్రవిభాగమున ఆచార్య అనుపమ్ బసు బృందము చేసిన పని ఈ వ్యాసవిషయమునకు అతిసన్నిహితము. వారు నిర్మించిన "శ్రుతి" బంగాళీ, హిందీ భాషల వ్రాతను పలుకుగ మార్చినది. మాట రానివారు బొమ్మలను ఎన్నుకొని వాక్యములు కూర్చుకొనుటకు "సంయోగ్" అను సాధనమును వారే రూపొందించిరి. భారతీయ లిపులనుండి బ్రెయిలునకు మార్చు వ్యవస్థయు ఆ ప్రయోగశాలనుండి వెలువడినది. ఆంగ్లమును పలుకు యంత్రములు విపణిలో వెల్లువగ నున్నను, అక్షరమును ఉన్నదున్నట్లు పలుకు మన భాషలకు సంధిని, అచ్చు కొలతను, వాక్యస్వరమును ఎరిగిన వేరు కృషి కావలసివచ్చినది. వాగ్యంత్రము లేనిదే శ్రవణపఠనము లేదు. సమీకరణమును ఎంత నిపుణముగ వృక్షీకరించినను తుదకు పలుకవలసినది ఒక కంఠమే.

ఐ.ఐ.టి. నిర్మించి నడుపుచున్న జాతీయ డిజిటల్ గ్రంథాలయమును 2018 జూన్ 19న దేశమునకు అంకితము గావించిరి. అనేక సంస్థల భాండాగారములను ఒక్క ద్వారమున చూపు ఈ గ్రంథాలయము సూచికల విషయమున మహోపకారి. సూచిక చూపిన గ్రంథము స్కాను చేసిన బొమ్మయైనపుడు మాత్రము చూపులేని విద్యార్థికి పేరు దొరకినను పుట దొరకదు. 2003లో ఖరగ్‌పూరుతోసహా ఏడు ఐ.ఐ.టి.లును బెంగుళూరు విజ్ఞానసంస్థయు కలిసి మొదలిడిన ఎన్.పి.టి.ఇ.ఎల్. వీడియో ఉపన్యాసముల తీరు వేరు. ఉపన్యాసకుడు బల్లపై వ్రాయుచు "దీనిని దానితో గుణించి యిటు తెచ్చినచో" అను వాక్యమును పలుకుట సర్వసాధారణము. ఆ సర్వనామములకు అర్థమిచ్చునది సుద్దముక్క పట్టిన వ్రేలు. యంత్రసహాయ మెంతమాత్రము నక్కరలేని సంస్కార మిది: వ్రాయుచున్నదానిని నోట పలుకుచు వ్రాసినచో చూపుగలవారికిని లాభమే.

తెలుగు పలుకుబడి

ఖరగ్‌పూరు తెలుగు బాలుడు ఇంట తెలుగును, వీధిని బంగాళీని, స్టేషనున హిందీని, పుస్తకమున ఆంగ్లమును విని పెరుగును. వాని స్క్రీన్ రీడరు సమీకరణమును ఏ భాషలో పలుకవలెను? పుట తెలుగని అందలి భాషాలక్షణము చెప్పనిచో యంత్రము ఆంగ్లకంఠముతో తెలుగు చదువబూనును, లేదా అక్షరములను దాటిపోవును. ఈ చిన్న గుర్తును మరచు పుటలకు లెక్కలేదు. అంతకంటె పెద్ద ఆటంకము మన అచ్చుపనిది. యూనికోడు 1991లోనే తెలుగునకు స్థానమిచ్చినను, డి.టి.పి. కేంద్రములు దశాబ్దములపాటు "అను" అనెడి పేరుగల ఫాంట్ల వంటి యూనికోడేతర లిపులనే వాడినవి. వానియందు తెరపై "అ" కనబడుచున్నను కంప్యూటరు నమ్మకమునందు అది ఏదో ఆంగ్లచిహ్నము. అట్లు కూర్చిన పాఠ్యపుస్తకపు పి.డి.ఎఫ్. ను స్క్రీన్ రీడరు చదువగా వినబడునది అర్థరహితపు ఘోష. సమీకరణములు బొమ్మలై, వాని చుట్టుగల వచనము ఘోషయై, పుస్తకము సర్వము మూగవోవును.

ఇవన్నియు చక్కబడినపిమ్మట తెలుగున పఠననియమములు వ్రాయబూనువారికి వాక్యక్రమము ఒక పరీక్ష. ఆంగ్లము లవమును ముందు పలుకును. తెలుగు "నాలుగింట మూడు వంతులు" అని హారముతో ఆరంభించును. బడిలో "మూడు బై నాలుగు" అనుటయు గలదు గావున అంకెల భిన్నములకు ఏదియైనను చెల్లును. లవహారములు పెరిగినచో రెండును చెల్లవు. తెలుగున ధర్మము ధర్మి తరువాత వచ్చుట మరియొక చిక్కు. "ఎక్స్ వర్గము ప్లస్ రెండు ఎక్స్ ప్లస్ ఐదు యొక్క వర్గమూలము" అన్నపుడు, తాను వినుచున్నది మూలచిహ్నము లోపలిదని శ్రోతకు చివరిమాట పడువరకు తెలియదు. అదియు తెలిసినపిమ్మట, ఐదునకు మాత్రమే మూలమా, మొత్తమునకా యను సందేహము మిగిలియే యుండును. వ్యవహారసహజత్వమును కొంత విడిచి, "వర్గమూలము మొదలు" అని ముందే హెచ్చరించి "మూలము ముగిసె" నని సెలవుతీసికొనుట ఉత్తమమని మాకు తోచుచున్నది. చరరాశుల పేర్లను ఆంగ్లాక్షరములుగనే యుంచి, గుర్తులకు బడిలో నలిగిన ప్లస్, మైనస్, స్క్వేర్ లను వాడి, నిర్మాణపదములకు మాత్రము లవము, హారము, ఘాతము అను తెలుగుమాటలను వాడుట మధ్యేమార్గము. ధన, ఋణ చిహ్నములని సంస్కృతీకరించినచో వినుటకు గంభీరమే గాని పరీక్షాసమయమున అక్షరభారము హెచ్చును.

చట్టములు, పరీక్షలు

అంగవైకల్యముగలవారి హక్కుల చట్టము 2016లో వెలువడి మరుసటి యేట అమలునకు వచ్చినది; ఉన్నతవిద్యయందు నూటికి ఐదు స్థానములును, ప్రభుత్వోద్యోగములందు నూటికి నాలుగును అది కేటాయించినది. గ్రంథములను చూపులేనివారికి అనువగు రూపమునకు మార్చుట నేరము గాకుండ 2012లో మన కాపీరైటు చట్టమును సవరించిరి. ఆ విషయమైన మర్రాకేష్ ఒడంబడికను లోకమున మొట్టమొదట ఆమోదించినది భారతదేశమే. డిజిటల్ సాధనముల సౌలభ్యమునకు ఐ.ఎస్. 17802 అను జాతీయ ప్రమాణము కూడ ఏర్పడినది. 2025 ఏప్రిలులో సర్వోన్నత న్యాయస్థానము డిజిటల్ ప్రవేశమును జీవించు హక్కులో భాగముగ గణించినది.

చట్టమునకును తరగతిగదికిని నడుమగల దూరమునకు తెలుగునాట ప్రసిద్ధమైన నిదర్శనము బొల్లా శ్రీకాంత్ వృత్తాంతము. మచిలీపట్టణ ప్రాంతపు రైతుబిడ్డ, పుట్టుకతోనే చూపులేనివాడు. పదవ తరగతి ఉత్తీర్ణుడై గణితవిజ్ఞానశాస్త్రములు చదువగోరగా, పటములును రేఖాచిత్రములును గల ఆ విషయములు చూపులేనివారికి నిషిద్ధమని ఆనాటి బోర్డు నియమము అడ్డువచ్చెను. న్యాయస్థానమున కెక్కి అనుమతి గెలుచుకొని, పిదప అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో చదివి, 2012లో హైదరాబాదున బొల్లాంట్ పరిశ్రమను స్థాపించెను.

రైల్వే ఊరిలో రైల్వే నియామకపు పరీక్ష ప్రతి యింటి చర్చ. అందు చూపులేని అభ్యర్థికి లేఖకుని సహాయమును, గంటకు ఇరువది నిమిషములకు తక్కువగాని అదనపు కాలమును 2018 నాటి కేంద్రప్రభుత్వ మార్గదర్శకములు అనుమతించినవి. అభ్యర్థి తనవెంట తెచ్చుకొను లేఖకుని విద్యార్హత అభ్యర్థికంటె ఒక మెట్టు తక్కువగ నుండవలెనని వానిలో నియమ ముండెను. మోసమును నివారింపదలచినది, కాని ఇంటర్మీడియెట్ గణితమును పదవ తరగతివాడు చదివి వినిపించునపుడు, సమాకలనపు గుర్తును ఆతడు ఏమని పలుకవలెను? పోంట్ర్యాగిను తల్లివలె పేర్లు కల్పించుకొనుటకు ఆతనికి పదేండ్ల తీరిక లేదు. ప్రశ్నపత్రము కంప్యూటరుపైననే యున్న పరీక్షలలో సమీకరణములను మాథ్ఎమ్ఎల్ గ నుంచి, హెడ్‌ఫోనుతో అభ్యర్థి తానే వినునట్లు చేయుట సాంకేతికముగ కష్టము కాదు.

రేఖాపటములు

సమీకరణమునకు దొరకిన సమాధానము రేఖాపటమునకు పూర్తిగ దొరకలేదు. వక్రరేఖకు అంగములు లేవు. దానిని శాఖలుగ విరుచుట కుదరదు. డెస్మోస్ అను రేఖాగణకయంత్రము వక్రమువెంట ఎడమనుండి కుడికి పోవుచు, విలువ పెరిగినకొలది స్వరమును హెచ్చించి, తగ్గినకొలది దించి వినిపించును; సైను వక్రము సంగీతజ్ఞుని గమకమువలె చెవికి చక్కగ తెలియును గాని, రెండు వక్రములు ఖండించుకొను బిందువును పట్టుటకు మీటలతో వెదకవలసినదే. జ్యామితిపటములకు నేటికిని వ్రేలే శరణ్యము. ఢిల్లీ ఐ.ఐ.టి.లో ఉబ్బెత్తు పటములను పాఠ్యపుస్తకములకు తయారుచేయు కేంద్రమొకటి నెలకొన్నది. త్రిభుజపు భుజము, లంబము, చుక్కల గీత ఒక్కొక్కటి ఒక్కొక్క స్పర్శతో తెలియునట్లు వానిని అచ్చొత్తుదురు. అట్టి పటమును తడవుచు, దాని ప్రక్కనే సమీకరణమును ఎన్.వి.డి.ఎ. నోట వినుచు చదువుట ప్రస్తుతమునకు చూపులేని విద్యార్థికి లభ్యమగు సమగ్రమైన గణితపఠనము.